దారి చూపిన మనిషికి దండంతో సరిపెడదామా?

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఊరు కదలాలంటే మూడే కారణాలు. పెళ్ళి, చావు, మొక్కు. పెళ్ళికి పట్టుచీర సర్దుకుని వెళ్తాం. చావుకి కట్టుకున్న చీరతోనే పరుగెత్తుతాం. మొక్కుకి తలస్నానం చేసి బయల్దేరతాం. ఈ మూడూ కాకుండా "ఊరికే, చూసి రావాలనిపించింది" అని ఏ ఇల్లాలైనా అంటే ఇంటిల్లిపాదీ వింతగా చూస్తారు. "అక్కడేముంది? పాత రాళ్ళే కదా!" అంటారు. ఆ పాత రాళ్ళ గురించి, వాటిని మనంతట మనం వెళ్ళి చూడడం గురించి, అక్కడ మనకి దారి చూపే మనిషి గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

దక్షిణ అమెరికాలో పెరూ దేశంలో మాచు పిచ్చు అని ఇంకాల నాటి పాత నగరం ఒకటుంది. టీవీలో మీరూ చూసే ఉంటారు. 15వ శతాబ్దంలో కట్టిన ఊరు. సముద్రమట్టానికి 2,430 మీటర్ల ఎత్తున, మబ్బుల మధ్య కొండ నెత్తిమీద ఉంటుంది. సున్నం వాడకుండా రాయికి రాయి అతికినట్టు పేర్చిన గోడలు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. 1911లో హైరమ్ బింగ్‌హామ్ అనే అమెరికా ప్రొఫెసరు దాన్ని కనిపెట్టాడని పుస్తకాల్లో రాస్తారు. ఆ కనిపెట్టిన తీరు ఆయన మాటల్లోనే ఉంది, కాస్త వినండి.

కొండ కింద నది ఒడ్డున మెల్చోర్ ఆర్తియాగా అనే రైతు ఉండేవాడు. కొండమీద మంచి శిథిలాలున్నాయని చెప్పింది అతనే. తుంపర పడుతోంది, రాలేనన్నాడట. ఒక 'సోల్' ఇస్తానంటే సరేనన్నాడు. సోల్ అంటే వాళ్ళ నాణెం. అక్కడి రోజుకూలికి మూడు నాలుగు రెట్లని బింగ్‌హామ్ రాసుకున్నాడు. దొరగారికి అక్కడి కెచువా భాష రాదు. వెంట వచ్చిన సార్జెంటే మాట అటూ ఇటూ అందించాడు. దుంగల వంతెన దాటి, జారుడు కొండ పట్టుకుని పైకి ఎక్కేసరికి అక్కడ రెండు రైతు కుటుంబాలు కాపురాలే చేస్తున్నాయి. ఇంకాలు కట్టిన మెట్ల పొలాల్లోనే పంటలు వేసుకుంటున్నారు. వాళ్ళు చల్లటి నీళ్ళిచ్చారు, ఉడకబెట్టిన చిలగడదుంపలు పెట్టారు. అక్కణ్ణుంచి ఆ గోడల దగ్గరికి ఆయన్ని తీసుకువెళ్ళింది ఒక చిన్న కుర్రాడు. అక్కడే ఒక గోడమీద లిజారగా అనే ఆ చుట్టుపక్కల మనిషి 1902లోనే బొగ్గుతో పేరు రాసి పోయాడు కూడా. గోడలమీద పేర్లు గీకే జబ్బు మనవాళ్ళ ఒక్కళ్ళదే కాదన్నమాట!

ఇంతకీ కనిపెట్టింది ఎవరు? చదువుకున్న ఆయన పేరు ప్రపంచమంతా తెలిసింది. దారి చూపిన రైతుకి ఒక నాణెం, కుర్రాడికి ఓ చిరునవ్వు దక్కాయి. బింగ్‌హామ్ కష్టాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. ఆయన కొలతలు తీసి, ఫోటోలు తీసి, పుస్తకాలు రాయకపోతే మన టీవీల దాకా ఆ ఊరు వచ్చేది కాదు. కానీ ఆర్తియాగా ఆ రోజు "వాన పడుతోంది, నేను రాను" అని ఇంట్లోనే పడుకుంటే ఆ పుస్తకాలు అప్పటికి ఉండేవి కావు. అందుకే చదువు ఒక కాలైతే స్థానికుడి తెలివి రెండో కాలు అంటాను. ఒంటికాలితో ఏ కొండా ఎక్కలేం.

పెరూ దాకా పోలేం, సరే. మన ఉత్తరాంధ్రకి వద్దాం. మన పెరట్లోనే ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకున్నామా?

శ్రీకాకుళానికి దగ్గర్లో, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఉంది. క్రీస్తుకి ముందే అక్కడ బౌద్ధులు స్తూపాలు కట్టుకున్నారు. చక్రం ఆకారంలో ఇటుకలు పేర్చిన పునాది ఈనాటికీ కనిపిస్తుంది. తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు దొరికిన చోటు. కొండమీద నిలబడితే కింద నది, దూరాన సముద్రం. విజయనగరానికి 12 కిలోమీటర్ల దూరంలో రామతీర్థం. రాముడి గుడికి ఏటా వేలమంది వెళ్తాం గాని, పక్కనే గురుభక్తులకొండ మీద బౌద్ధుల చైత్యాలు, విహారాలు వరసగా ఉన్నాయని మనలో ఎందరికి తెలుసు? ఆ పక్కనే దుర్గకొండ గుహలో జైనుల విగ్రహాలున్నాయి. 11వ శతాబ్దంలో ఏలిన తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలంనాటి కన్నడ శాసనం ఉంది. మన జిల్లా కొండ గుహలో కన్నడ అక్షరాలేమిటి అని ఆశ్చర్యం కలగదూ? ఇక శ్రీముఖలింగం. గాంగ రాజుల రాజధాని కళింగనగరం అదేనంటారు. మధుకేశ్వరుడు, సోమేశ్వరుడు, భీమేశ్వరుడు అని మూడు గుళ్ళు. గుడి నిండా శాసనాలు. మా సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి ఒడిశాలోకి వెళ్తే నందపురం వస్తుంది. జయపురం రాజుల పూర్వీకులు ఏలిన ఊరు. అక్కడ ముప్పైరెండు మెట్ల సింహాసనం శిథిలమై ఉంది. అది విక్రమార్కుడిదే అని ఊరివాళ్ళు చెబుతారు.

ఇవన్నీ పొద్దున్న బయల్దేరి రాత్రికి ఇల్లు చేరగల చోట్లు, కాస్త దూరమైతే ఒక రాత్రి నిద్ర. మరి ఎందుకు చూడం? "మావారికి తీరిక లేదు", "పిల్లలకి పరీక్షలు", "ఎవరు తీసుకువెళ్తారు?" ఈ చివరి మాట దగ్గరే నాకు పేచీ. తీసుకువెళ్ళడానికి మనమేమైనా సంచులమా?

ఇద్దరో ముగ్గురో స్నేహితురాళ్ళు కలిస్తే చాలు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు డబ్బుల బెంగ లేదు. ఆ బస్సెక్కి పుట్టింటికి, ఆస్పత్రికి వెళ్ళినట్టే ఓ ఆదివారం శాలిహుండానికీ వెళ్ళొచ్చు. కార్తీకమాసం దాటాక ఎండ మెత్తబడుతుంది. పొద్దున్నే బయల్దేరి నాలుగింటికల్లా కొండ దిగిపోవాలి. కాలికి పట్టున్న చెప్పులు, తలకి తుండుగుడ్డ, మనిషికి రెండు సీసాల నీళ్ళు, పులిహోర డబ్బా. ఎక్కడికి వెళ్తున్నామో, ఏ బస్సుకి తిరిగి వస్తామో ఇంట్లో ఒకరికి చెప్పాలి. పేచీ అంతా మరుగుదొడ్డి దగ్గర. కొండల దగ్గర ఉంటుందని నమ్మకం పెట్టుకోకండి. బస్టాండులోనే చూసుకుని బయల్దేరాలి. ఇలాంటి సంగతులు టూరిజం పుస్తకాల్లో రాయరు. రాసేవాళ్ళలో ఆడవాళ్ళు తక్కువ కాబట్టి!

ఇక్కడిదాకా మగదిక్కు అవసరం లేదు. కానీ కొండ మొదట్లోకి వెళ్ళాక ఆ ఊరి దిక్కు మాత్రం కావాలి. "ఫోన్లో మ్యాపు ఉందిగా వదినా" అంటుంది మా ఎదురింటి అమ్మాయి. మ్యాపు రోడ్డు చివరిదాకా తెస్తుంది. అక్కణ్ణుంచి ఏ కాలిబాట పైకి పోతుందో, ఏది మేకలు తిరిగి తిరిగి అలికేసిన దొంగదారో దానికి తెలీదు. మాది లారీల ఊరు. ఘాటీ కొత్తగా ఎక్కే డ్రైవరు ఎంత లైసెన్సున్నా పక్కన ఆ మలుపులు తెలిసినవాణ్ణి కూచోబెట్టుకుంటాడు. అందులో నామోషీ ఏముంది? బండి క్షేమం ముఖ్యం.

మరి మంచి గైడుని పోల్చుకోవడం ఎలా? మెడలో కార్డున్న ప్రతి మనిషీ మంచి గైడు కాడు. ఒకసారి మేము కుటుంబాలతో ఓ పేరుమోసిన కోట చూడబోయాం. ఊరు పేరు అనవసరం. గైడు గడగడా అప్పజెప్పాడు. ప్రతి గదీ రాణీగారి స్నానాల గది, లేకపోతే అలక గది. రాణులకి స్నానం, అలక తప్ప వేరే పనే లేనట్టు! ప్రశ్న నేనడిగితే జవాబు మావారి మొహం చూసి చెప్పేవాడు. ఇరవై నిమిషాల్లో కోట ముగించి, గంటసేపు ఓ చీరల దుకాణంలో కూచోబెట్టాడు. మనం డబ్బిచ్చి అక్కడ నేర్చుకున్నదేమిటంటే ఆ దుకాణం అడ్రసు.

దానికి పూర్తిగా తిరకాసు మనిషి గురుభక్తులకొండ దగ్గర దొరికింది మాకు. మేకలు కాసుకుంటున్న ఒకావిడ. "రాములోరి గుడి అటైతే, ఇటెల్తన్నారేటమ్మా?" అని ఆవిడే పలకరించింది. సంగతి చెబితే మేకల్ని కోడలికి అప్పజెప్పి ముందు నడిచింది. ఎక్కడ కాలు పెట్టాలో, ఏ పొదలో చెయ్యి పెట్టకూడదో చెప్పింది. ఎండాకాలంలో కూడా నీళ్ళు నిలిచే గుంట చూపించింది. సన్నాసులు అక్కడే ఎందుకు ఉన్నారో నాకు ఆ నీళ్ళు చూశాక అర్థమైంది. "ఈ ఇటకలు పాతయి. ఆ పై వరస గవర్మెంటోలు ఎట్టినయి. మా అయ్య ఈ పనికే తట్టలు మోసీవోడు" అంది. ఆ సంగతి ఏ బోర్డు మీదా లేదు. "ఇక్కడుండేవాళ్ళు ఏం తినేవాళ్ళు?" అని మాలో ఒకావిడ అడిగితే, "అది నాకు తెల్దమ్మా" అంది.

ఆ "తెల్దమ్మా" అన్న మాటకి నేను నూటికి నూరు మార్కులు వేశాను. తెలియనిదాన్ని తెలియదని చెప్పడమే మంచి గైడుకి మొదటి గుర్తు.

రెండో గుర్తు మన తెలుగులోనే ఉంది. అది 'అట'. ముఖలింగంలో ఒక కథ చెబుతారు. సవర నాయకుడికి ఇద్దరు భార్యలట. చిన్నావిడ భక్తురాలట. ఆవిడ వైపు వాలిన ఇప్పకొమ్మ పువ్వులు బంగారంగా మారేవట. పెద్దావిడ ఓర్చుకోలేక తగువు పెట్టుకుందట. ఆ రోజూవారీ రభస పడలేక అతగాడు చెట్టునే నరకబోతే అందులోంచి శివుడు కనిపించాడట. సవతుల పోరుకి చెట్టు బలి కాబోయి గుడి వెలిసింది! ఎంత చక్కటి కథ! దీన్ని 'అట' చేర్చి చెప్పాలి. అదే గుడిలో దీపాలకి దానాలిచ్చినవాళ్ళ పేర్లు రాతిమీద ఉన్నాయి. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. దాన్ని "అని రాసి ఉంది" అని చెప్పాలి. నందపురం సింహాసనం విక్రమార్కుడిదట. నందపురం రాజధానిగా రాజులు ఏలింది మాత్రం చరిత్ర. ఎక్కడ 'అట' అనాలో, ఎక్కడ 'అని రాసి ఉంది' అనాలో తెలిసిన మనిషి దొరికితే వదలకండి. కథనీ పోనివ్వరు, నిజాన్నీ పోనివ్వరు.

మూడో గుర్తు, మన ప్రశ్నకి మన మొహం చూసి జవాబు చెప్పడం. నాలుగోది, డబ్బు సంగతి ముందే మాట్లాడుకోవడం. ఐదోది, మనం రాతిమీద ఎక్కబోతే, ఇటుక ముక్క సంచిలో వేసుకోబోతే "వద్దమ్మా" అనగలగడం. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళదాకా జైలు, లక్షదాకా జరిమానా అని 1958 నాటి చట్టానికి 2010లో సవరణ తెచ్చారు. చట్టం ఢిల్లీలో ఉంటుంది. రాయి కొండమీద ఉంటుంది. మధ్యలో "వద్దమ్మా" అనే మనిషి ఉంటేనే ఆ రాయి మిగులుతుంది.

ఇలాంటి మనిషిని వెతకడానికి ఆడవాళ్ళకి ఆడవాళ్ళ దారే క్షేమం. దిగీ దిగగానే వెంటపడేవాళ్ళని వదిలెయ్యండి. ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్నో, బడి మేష్టార్నో, డ్వాక్రా సంఘం లీడర్నో, కట్టడం దగ్గర వాచ్‌మన్నో అడగండి. "కొండ బాగా తెలిసిన మనిషి ఎవరమ్మా?" అంటే నలుగురూ ఒకే పేరు చెబితే ఆ మనిషే మన మనిషి.

ఇప్పుడు అసలు సంగతి. కొండ దిగాక ఆవిడ చేతిలో డబ్బు పెట్టబోతే చేతులు వెనక్కి పెట్టేసుకుంది. "దారి సూపినందుకు డబ్బులేటమ్మా? ఇన్నోలు నవ్విపోతారు" అంది. మాతో వచ్చినావిడ కూడా, "పోనీలెండి, పాపం ఆశించి రాలేదు కదా, ఒక నమస్కారం పెడదాం" అంది.

నాకు ఇక్కడే ఒప్పుదల లేదు. ఆవిడ పొద్దుటి పని మానుకుని మూడు గంటలు మాతో తిరిగింది. ఆవిడకి తెలిసినది నలభై ఏళ్ళు ఆ కొండమీద నడిచి సంపాదించుకున్నది. అది చదువు కాదా? మన ఇంటి చాకిరీకి ఎవరూ విలువ కట్టరని మనం వాపోతాం. "నువ్వేం చేశావ్, ఇంట్లోనేగా ఉన్నావ్" అంటే ఒళ్ళు మండుతుంది. మరి మనమే ఇంకో ఆడదానితో "నువ్వేం చేశావ్, నీ కొండమీదేగా తిరిగావ్" అనవచ్చా? మాట అనకపోయినా, చేతిలో ఏమీ పెట్టకుండా బస్సెక్కితే అన్నట్టే లెక్క. ఆ రోజు పూట కూలికి తక్కువ కాకుండా లెక్కగట్టి, బలవంతంగానే ఇచ్చాం. భిక్షంలా కాదు, మేష్టారికి జీతమిచ్చినట్టు ఇచ్చాం.

ఈ గౌరవం ఎలా ఉండాలో మన గిడుగు రామమూర్తి పంతులుగారు ఏనాడో చూపించారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. పర్లాకిమిడిలో మేష్టారుగా ఉంటూ, ముఖలింగం శాసనాలు చదవడానికి పాత లిపులు తనంతట తనే నేర్చుకున్నారన్నది కొందరికే తెలుసు. 1919లో శాలిహుండం శిథిలాల్ని లోకానికి చూపించిందీ ఆయనే. అంత పండితుడు సవర భాష కావలసి వచ్చినప్పుడు ఏ గ్రంథాలయానికీ పరుగెత్తలేదు. తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, శిష్యుడిలా కూచుని మాట మాటా నేర్చుకున్నారు. 1931లో సవర భాష మీద పుస్తకం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అలా వచ్చినవే. సవరల పిల్లలకి బడులు పెట్టించి ఆ రుణం తీర్చుకోవడానికీ పూనుకున్నారు. చెప్పేవాడి దగ్గర పట్టా ఉందా, చొక్కా ఉందా అని చూడకుండా విషయం ఉందా అని చూడడం ఆయన పద్ధతి.

ఆ పద్ధతిని ఇవాళ మనం ఇంకో అడుగు ముందుకి తీసుకుపోవచ్చు. శాలిహుండం, రామతీర్థం, ముఖలింగం ఊళ్ళల్లో డ్వాక్రా సంఘాల్లేవా? ఒక్కో ఊళ్ళో ఐదారుగురు ఆడవాళ్ళని ఎంచి, పురావస్తు శాఖవాళ్ళు పది రోజులు పాఠం చెబితే ఎంత బాగుంటుంది! ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర, పురావస్తు శాఖ ఉంది. అక్కడ చదివే పిల్లలు ఏడాదికి వారం రోజులు ఈ ఊళ్ళల్లో గడపొచ్చు. వాళ్ళు ఏ స్తూపం ఏ కాలందో చెబుతారు, ఈ ఆడవాళ్ళు ఏ బాట ఎక్కడికో చెబుతారు. పాఠం రెండు వైపులా నడుస్తుంది. గంటకింత అని రేటు కట్టి బోర్డు పెట్టేస్తే బేరాల తలనొప్పి ఉండదు, వెనక్కి పెట్టుకునే చేతులూ ఉండవు. అప్పడాలు, పచ్చళ్ళు, విస్తరాకులు మాత్రమే ఆడవాళ్ళ సంపాదన అని ఎన్నాళ్ళు అనుకుంటాం? తెలిసింది చెప్పడం కూడా సంపాదనే. పైగా గైడు ఆడదైతే మనలాంటివాళ్ళం నిర్భయంగా వెంట నడుస్తాం. ఆ ఊరికి నాలుగు రూపాయలొస్తే ఆ ఊరే కొండని కాపాడుకుంటుంది. ఎంత కంచె వేసినా రాళ్ళెత్తుకుపోయేవాణ్ణి కంచె ఆపదు. కొండమీద బతికే మనిషి ఆపుతుంది.

ఇదంతా సర్కారు చెయ్యాలి కదా అంటారేమో. చెయ్యాల్సిందే, అడగాల్సిందే. ఆలోగా మన చేతిలో పనులు కొన్నున్నాయి. మహిళామండలి ఈసారి వనభోజనాలు తోటలో కాకుండా శాలిహుండం కొండ కింద పెట్టుకోవచ్చు. విస్తళ్ళు మాత్రం తిరిగి మూటకట్టుకుని రావాలి సుమా. వెళ్ళేముందు ఒక సాయంత్రం కూచుని ఆ చోటు గురించి నాలుగు పేజీలు చదువుకోవచ్చు. చదివి వెళ్తేనే ఏం అడగాలో తెలుస్తుంది. ఆ ఊరి మనిషిని పిలిచి, ముందే డబ్బు మాట్లాడుకుని, వెనక నడవొచ్చు. తిరిగివచ్చాక ఆ ప్రయాణం గురించి నలుగురికీ చెప్పేటప్పుడు, "మేం చూసొచ్చాం" అనే బదులు "ఫలానా ఆవిడ మాకు చూపించింది" అని పేరుతో సహా చెప్పొచ్చు. మనలోంచి రేపు ఎవరైనా ఈ కొండల మీద కథో వ్యాసమో పుస్తకమో రాస్తే, ఆ పేరు మొదటి పేజీలోనే ఉండాలి.